శిరోరేఖ తలకెక్కితే

డబ్బు పోగొట్టుకున్న తెలివితక్కువతనాలు నాకు చాలానే ఉన్నాయి. మునిగిపోయిన చిట్టీలు, తిరిగిరాని ప్లాటు అడ్వాన్సు, బావమరిది అప్పుకి పెట్టిన హామీ సంతకం. వాటిని మా ఆవిడ చుట్టాలందరికీ ఎప్పటికప్పుడు చెబుతూనే ఉంటుంది కనక నేను కాగితం మీద పెట్టనక్కర్లేదు. ఇది వేరే పద్దు. దేవనాగరి లిపి మీద మోజుతో నేను చేసిన నిర్వాకాలు ఆవిడకి కూడా సగమే తెలుసు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఆరో తరగతిలో హిందీ మొదలైంది. బళ్ళో చెప్పేది చాలక సాయంత్రాలు హిందీ మాస్టారి అరుగు మీద చేరి, దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలకి చదివేవాళ్ళం. 1918లో గాంధీగారు పెట్టించిన సభ అది. మద్రాసులో మొదటి పాఠాలు చెప్పింది ఆయన కొడుకు దేవదాస్ గాంధీయేనని మాస్టారు ప్రతి కొత్త బ్యాచికీ చెప్పేవారు. ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష అని వరసగా మెట్లు. నాకు భాష కంటే ముందు లిపి ఎక్కింది. అక్షరాలన్నీ రాసేసి, ఆఖర్న మాట మొత్తానికీ పైన ఎడమ నుంచి కుడికి ఒక్క గీత లాగడం ఉందే, ఆ శిరోరేఖ లాగేటప్పుడు కలిగే దర్జా తెలుగు తలకట్టు కొట్టేటప్పుడు ఏనాడూ కలగలేదు. ఆ పిచ్చిలో నోటు పుస్తకాల అట్టల మీద నా పేరు తెలుగులో రాసి దాని నెత్తిన కూడా గీత లాగేవాణ్ణి. మా తెలుగు మాస్టారు అట్ట తిప్పి చూసి, "ఎవరి బట్టలురా ఇవి, దండెం మీద ఆరేశావు?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయనకి రాష్ట్రభాష అంటే గిట్టదు కాబోలని నేను సరిపెట్టుకున్నాను.

లిపిలో ఇబ్బందులు లేవని కాదు. 'కి' రాయాలంటే ముందు గుడి గియ్యాలి, ఆ తరవాత 'క' రాయాలి. నోరు ముందు పలికేది చెయ్యి వెనక రాస్తుంది. ఇది హిందీవాళ్ళకే బాగాలేక, 1953లో లక్నోలో పెద్ద సభ పెట్టి ఆ హ్రస్వాన్ని కుడివైపుకి మార్చాలని తీర్మానించారు. జనం చేతులు వినలేదు. కొన్నాళ్ళకే తీర్మానం వెనక్కి పోయింది. 'ఖ' ఇంకో గొడవ. పాత అచ్చులో అది 'ర', 'వ' పక్కపక్కన పెట్టినట్టే ఉండేది. తరవాత కేంద్ర హిందీ డైరెక్టరేట్ వాళ్ళు ఆ రెండిటినీ అడుగున కలిపి ఖాయం చేశారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత రిజిస్టరు మీద 'రవానా' అని ఉన్నదాన్ని నేను 'ఖానా' అని చదివి, ఆఫీసులో భోజనాలకి విడిగా పద్దు రాస్తారు కాబోలని సంబరపడ్డాను. అది బయటికి పంపే ఉత్తరాల పుస్తకం.

అసలు సంగతి తాతయ్యతో మొదలైంది. ఆయనకి గూటి నిండా సంస్కృత పుస్తకాలుండేవి. అమరకోశం, రఘువంశం, మేఘసందేశం, ఎక్కువ భాగం మద్రాసు వావిళ్ళ వారి అచ్చు. అన్నీ తెలుగు లిపిలోనే. నాకు రాష్ట్రభాషలో ఫస్టు క్లాసు వచ్చిన వేసవిలో ఆయన అరుగు మీద రఘువంశం చదువుకుంటుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"తాతయ్యా, నువ్వు చదివేది అసలు సంస్కృతం కాదు, తెలుసా?"

"మరేవిట్రా?"

"తెలుగు లిపిలో ఉందిగా. అసలుది దేవనాగరిలో ఉంటుంది. దేవుళ్ళ లిపి కాబట్టే ఆ పేరు పెట్టారు."

ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. "అయితే ఆ అసలుదేదో తెచ్చి చదువు, వింటాను" అన్నాడు.

హిందీ మాస్టారి దగ్గర బొంబాయి నిర్ణయసాగర ప్రెస్సు వారి రఘువంశం ఉంటే బతిమాలి తెచ్చాను. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. నాకు తెలిసిన నాగరి అంతా హిందీ నాగరి. హిందీలో మాట చివరి అకారాన్ని మింగేస్తారు, చాలా మాటల్లో మధ్య అకారాన్నీ మింగుతారు. రాసేది 'రామ', చదివేది 'రామ్'. సంస్కృతం అలా కాదు, రాసిన ప్రతి అకారాన్నీ పలుకుతుంది. కాగితం మీద ఈ తేడాకి గుర్తు ఏమీ ఉండదు. అదే అక్షరం, అదే గీత. నేను 'వన్', 'ధర్మ్', 'యోగ్' పద్ధతిలో సమాసాలన్నిటినీ చప్పరించుకుంటూ పోయాను. మొదటి సర్గ అనుష్టుప్పు, పాదానికి ఎనిమిది అక్షరాలు ఉండాలి. తాతయ్య వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడని నేను చూసుకోలేదు. ఒకచోట ఏడు, ఇంకోచోట ఆరు తేలాయి.

"ఒరే, మీ దేవుళ్ళు పాదానికి రెండేసి అక్షరాలు నైవేద్యం పట్టేస్తున్నార్రా" అన్నాడు. మామ్మ వంటింట్లోంచి నవ్వింది.

అక్కడితో బుద్ధి రావలసింది. రాలేదు. పాతకాలం మనిషి, నాగరి చదవడం చేతగాక అలా అంటున్నాడనుకున్నాను. ఆయనకి నాగరి, గ్రంథ లిపి రెండూ వచ్చని ఆయన పోయాక, కాగితాలు సర్దుతుంటే తెలిసింది.

ఆ సర్దడమే నేను చేసిన అసలైన వెధవ పని. అప్పటికి నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. ఇల్లు అమ్ముతున్నాం, సామాను తగ్గించాలి. గూట్లో పుస్తకాలన్నీ పాత పేపర్లవాడికి తూకానికి వేశాను. మా నాన్న అడ్డం పడబోతే, "ఇవన్నీ తెలుగులోకి దింపిన నకళ్ళు నాన్నా, నేను కాశీ నుంచి ఒరిజినల్స్ తెప్పిస్తాను" అన్నాను. అన్నట్టే తెప్పించాను కూడా. అందమైన బైండింగు, బంగారు అక్షరాలు. తెరిచి చూస్తే పొడుగాటి సమాసాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కిన సంయుక్తాక్షరాలు. కూడబలుక్కుని ఒక శ్లోకం పూర్తిచేసేసరికి అర్థం సంగతి దేవుడెరుగు, మొదటి పాదం ఏమిటో మరిచిపోయేవాణ్ణి. చదవగలిగిన పుస్తకాలు అమ్ముకుని చదవలేని పుస్తకాలు కొనుక్కున్నవాణ్ణి నన్ను తప్ప ఇంకెవర్నీ నేను చూడలేదు. తాతయ్య పుస్తకాల మార్జిన్లలో పెన్సిలుతో సన్నగా ప్రతిపదార్థాలు రాసి ఉండేవి. అవీ తూకంలోనే పోయాయి.

కాశీ పుస్తకంలో మూలం కింద ఉన్న వ్యాఖ్యానం మల్లినాథసూరిది. ఆయన మెదక్ దగ్గరి కొలిచెలమవాడు, అంటే ఇప్పటి కొల్చారం. కాళిదాసుని దేశమంతా ఆయన వ్యాఖ్యానం పట్టుకునే చదువుతుంది. తెలుగు గడ్డ మీది పండితుడి మాటల్ని నాగరిలో ఉన్నాయి కాబట్టి ఒరిజినల్ అని కొనుక్కుని, అదే గ్రంథాన్ని తెలుగు అక్షరాల్లో ఉంది కాబట్టి నకలని అమ్మేశాను.

కాళిదాసు నాగరిలో రాసి ఉండడనే సంగతి నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆయన్ని క్రీ.శ. నాలుగైదు శతాబ్దాలవాడంటారు. నాగరి అని పోల్చుకోదగ్గ రూపం ఏడెనిమిది శతాబ్దాల నాటికి గాని తేలదు. బ్రాహ్మీ నుంచి గుప్తుల కాలపు లిపి, దాన్నుంచి సిద్ధమాతృక, అందులోంచి నాగరి. ఆ తరవాతైనా సంస్కృతం దాన్నొక్కదాన్నే పట్టుకుని కూర్చోలేదు. కాశ్మీరులో శారద, తమిళదేశంలో గ్రంథ, వంగదేశంలో వంగలిపి, మన దగ్గర తెలుగు. విజయనగరం వాళ్ళ రాగిరేకుల్లో చాలావాటిది నందినాగరి. అందులో నాకు ప్రాణమైన ఆ గీత కూడా మాట పొడుగునా సాగదు, ఏ అక్షరానికి ఆ అక్షరం విడివిడి ముక్కలు. అన్నిటికన్నా నన్ను కుంగదీసింది అచ్చు సంగతి. సంస్కృతంలో మొట్టమొదట అచ్చయిన పుస్తకం కాళిదాసుదే, ఋతుసంహారం. 1792లో కలకత్తాలో విలియం జోన్స్ వేయించాడు. అది అచ్చయింది బెంగాలీ లిపిలో. సంస్కృతానికి నాగరి దేశమంతటా ముఖంగా నిలబడిందంటే, ఆ తరవాత వచ్చిన అచ్చుయంత్రాల పుణ్యం చాలా ఉంది. 1849 నుంచి 1874 దాకా ఆక్స్‌ఫర్డ్‌లో మాక్స్‌ముల్లర్ ఋగ్వేదం నాగరిలో వేశాడు, బొంబాయి నిర్ణయసాగరం వాళ్ళు కావ్యాలన్నీ వేశారు. అదే కాలంలో మద్రాసులో వావిళ్ళవారు తెలుగులో వేసుకుంటూ పోయారు. ఏది ఒరిజినల్? అడగవలసిన వయసులో ఈ ప్రశ్న నేను అడగలేదు.

మధ్యలో ఒక మరాఠీ మిత్రుడి చేతిలో కూడా అయింది. ఇద్దరం ఏదో ట్రైనింగులో ఒకే గదిలో ఉన్నాం. "మీకు సొంత లిపి లేక హిందీ లిపితో సర్దుకుంటున్నారు పాపం" అన్నాను, సానుభూతిగానే. అతను షేవింగ్ ఆపి నావైపు తిరిగాడు. ఆ లిపిని తామెప్పట్నుంచో బాళబోధ అని వాడుకుంటున్నామని, కచేరీ రాతకి, లెక్కలకి మోడి అనే గొలుసుకట్టు లిపి వేరే ఉండేదని, అది 20వ శతాబ్దం మధ్యదాకా బతికిందని చెప్పాడు. "సరే గాని నీ హిందీ లిపిలో 'ళ' రాసి చూపించు" అన్నాడు. రాయలేకపోయాను. హిందీకి ఆ అక్షరం అక్కర్లేదు, మరాఠీకి కావాలి. వేదానికీ కావాలి, ఋగ్వేదం మొట్టమొదటి ఋక్కులోనే ఉంది. తెలుగువాణ్ణి, పుట్టిందగ్గర్నుంచి 'ళ' పలుకుతున్నవాణ్ణి, దేవుళ్ళ లిపిలో దానికి చోటు లేదనుకుంటూ బతికాను.

ప్రమోషన్ ఇచ్చి నన్ను బీహారు పంపారు. మిగతా తెలుగువాళ్ళు తలలు పట్టుకుంటే నేను మాత్రం పండగ చేసుకున్నాను. నా లిపి రాజ్యానికి నేనే అధికారినై వెళ్తున్నాను కదా! వెళ్ళగానే పై ఆఫీసుకి ఉత్తరాలన్నీ హిందీలో, తేదీలు, మొత్తాలు కూడా నాగరి అంకెల్లో రాయడం మొదలుపెట్టాను. నాగరి ఒకటి చూపుకి ఇంగ్లీషు తొమ్మిదిలా ఉంటుంది. దానివల్ల ఒక స్టేట్‌మెంటులో ఏం జరిగిందో ఇక్కడ రాయను. రాజభాష అధికారి ఫోన్ చేసి, రాజ్యాంగం 343వ అధికరణంలో లిపి దేవనాగరి అనీ, అంకెలు మాత్రం భారతీయ అంకెల అంతర్జాతీయ రూపం అనీ ఉందని మర్యాదగా చదివి వినిపించాడు. 1949 సెప్టెంబరు 14న హిందీవాళ్ళూ దక్షిణాదివాళ్ళూ దెబ్బలాడుకుని రాజీపడ్డది సగానికి సగం ఈ అంకెల మీదేనట. దక్షిణాదివాళ్ళు పట్టుబట్టి సాధించిందాన్ని ఓ దక్షిణాదివాడే కాళ్ళదన్నుతుంటే పాపం ఆయనకి విడ్డూరంగా ఉండి ఉంటుంది.

ఆ ఊళ్ళోనే ఒక రైతు పొలం తనఖా పెట్టి అప్పుకోసం వచ్చాడు. కాగితాల కట్టలో గోధుమరంగుకి తిరిగిన ఒక దస్తావేజు ఉంది. మడతల దగ్గర చిరిగి, వెనక గుడ్డముక్క అంటించి ఉంది. చూస్తే హిందీలాగే ఉంది. ఒక 'క' తెలుస్తోంది, ఒక 'ర' తెలుస్తోంది, మధ్యలో ఏవో వంకరటింకర మెలికలు. పైన గీత మాత్రం ఎక్కడా లేదు. నాకు ఒళ్ళు మండింది.

"ఎవరయ్యా ఇది రాసింది? మాట మీద గీత పెట్టడం కూడా రాదా?"

"హుజూర్, ఖతియాన్" అన్నాడు చేతులు కట్టుకుని.

"ఏదైనా సరే, రాత బాగుండక్కర్లేదా?" అని ఎర్ర సిరాతో ఫైలు మీద హిందీలోనే నోట్ పెట్టాను. చేతిరాత అస్పష్టంగా ఉన్నది, శుభ్రంగా తిరగరాయించి తెచ్చిన పిమ్మట పరిశీలించవచ్చును. కింద సంతకం, సంతకం మీద శిరోరేఖ.

ఖతియాన్ అంటే ప్రభుత్వ భూసర్వేలో ఎవరి పొలం ఎవరిదో తేల్చిన రికార్డు. బ్రిటిష్ కాలం నాటి సర్కారీ రికార్డుని దస్తూరీ బాగాలేదని తిరగరాయించుకు రమ్మన్న బ్యాంకు మేనేజరు బీహారు చరిత్రలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. రైతు ఏమీ అనలేదు. మర్నాడు కచేరీ దగ్గర దస్తావేజులు రాసే ముసలి కాతిబ్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన కాగితాన్ని కళ్ళకి ఆనించుకుని, మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఖాతా నంబరు, ఖేస్రా నంబరు, నాలుగు హద్దులు గడగడా చదివేశాడు. చదివేసి నా ఎర్ర సిరా నోట్ చూశాడు. "ఇది చేతిరాత కాదు సాబ్, కైథీ" అన్నాడు. ఇంకేమీ అనలేదు. మా బంట్రోతు మాత్రం మంచినీళ్ళ గ్లాసు పెట్టే వంకతో రెండుసార్లు లోపలికొచ్చి నా మొహం చూసి వెళ్ళాడు.

కైథీ కాయస్థుల లిపి. లెక్కలు, దస్తావేజులు, ఉత్తరాలు, గంగ ఒడ్డున మామూలు జనం రాతకోతలన్నీ అందులోనే నడిచేవి. చెయ్యి ఆపకుండా రాయడానికి పుట్టింది కనక తలమీద గీత పెట్టుకునే తీరిక దానికి లేదు. 1880ల్లో బీహారు కోర్టుల నుంచి పర్షియన్ లిపిని తీసేసినప్పుడు ఆ చోటులోకి వచ్చిన వాటిలో ఇదీ ఉంది. నాగరికి కోర్టు గడప తొక్కడం అంత తేలిక కాలేదు. 1893లో కాశీలో బడిపిల్లలు కొందరు చేరి నాగరీ ప్రచారిణీ సభ పెట్టారు. 1897లో మదనమోహన మాలవ్యా కోర్టు లిపి మీద పుస్తకమే రాశారు. చివరికి 1900 ఏప్రిల్ 18న మెక్‌డోనల్ అనే లెఫ్టినెంట్ గవర్నరు, ఇప్పటి ఉత్తరప్రదేశ్ కోర్టుల్లో నాగరిలో రాసిన అర్జీలు కూడా తీసుకోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. నేను అనాది అనుకుంటున్న లిపికి హిందీ గడ్డ మీద కచేరీలో కుర్చీ దొరికేనాటికి మా తాతయ్య పలకా బలపం పట్టి ఉన్నాడు. నాగరి గెలిచింది, పుస్తకాల్లోకి, బళ్ళలోకి వెళ్ళింది. కైథీ ఖతియాన్లలో మిగిలిపోయింది. బీహారులో పాత భూతగాదా అంటే ఈనాటికీ దాన్ని చదివేవాడి కోసం వెతుక్కోవలసిందే.

రైతుకి అప్పు మంజూరు చేశాను. ఎర్ర సిరా నోట్ మాత్రం ఫైల్లోంచి తీసే వీల్లేదు. ఆడిట్‌కి వచ్చిన ప్రతివాడూ చదువుకుని వెళ్ళాడు.

ఇంత జరిగాక కూడా ఎల్టీసీ మీద గుజరాత్ వెళ్ళినప్పుడు, జునాగఢ్‌లో గిర్నార్ కొండ దారిలో ఉన్న బండ దగ్గరికి మా ఆవిణ్ణి తీసుకెళ్ళి, పాత సంస్కృత శాసనం చూపిస్తాను, నాకు చదవడం వచ్చు అన్నాను. ఒకే బండ మీద అశోకుడి ప్రాకృతం, క్రీ.శ. 150 ప్రాంతంలో రుద్రదాముడు చెరువుకట్ట బాగుచేయించి వేయించిన సంస్కృతం, ఐదో శతాబ్దంలో స్కందగుప్తుడి కాలపు సంస్కృతం, మూడూ ఉన్నాయి. అన్నీ బ్రాహ్మీ రూపాలే. ఒక్క అక్షరం పోల్చుకోలేకపోయాను. "మీ అక్షరాలు ఏవండీ?" అంది. అక్కడ నాకు చదవడం వచ్చిన నాగరి పురావస్తు శాఖవారి హిందీ బోర్డు ఒక్కటే. అదే గంభీరంగా చదివి వినిపించాను.

తిరిగి వచ్చాక గాని తెలుసుకోలేదు, బ్రాహ్మీ కోసం నేను గుజరాత్ దాకా పోనక్కర్లేదని. మా తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు భట్టిప్రోలులో ఆగుతుంది. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే ధాతువుల భరిణెలు దొరికాయి, వాటి మీద బ్రాహ్మీ రాత ఉంది. చిన్నప్పుడు ఆ స్టేషన్లో తేగలు కొనుక్కు తిన్నాను తప్ప ఊళ్ళోకి దిగలేదు. ఆ రాతలో ఒక విశేషం ఉంది. మిగతాచోట్ల హల్లులోనే అకారం దాక్కుని ఉంటే, భట్టిప్రోలు రాయసగాడు అకారానికి విడిగా ఒక గీత పెట్టాడు. పలకాల్సింది కళ్ళకి కనబడుతుంది, మింగడానికి వీల్లేదు. రఘువంశం చదువుతూ నేను పోగొట్టిన అక్షరాల జాగ్రత్త మా ఇంటికి ఆమడ దూరంలో రెండువేల ఏళ్ళ కిందటే తీసుకున్నారన్నమాట.

ఇప్పుడు ఫోన్లో నాగరి పాఠాన్ని తెలుగు లిపిలోకి మార్చడం మీట నొక్కినంత పని. యూనికోడ్‌లో రెండు లిపుల అక్షరాలూ ఒకే వరసలో ఉంటాయి. నాగరి 'క' సంఖ్యకి 768 కలిపితే తెలుగు 'క' వస్తుంది, 'ఖ'కి కలిపితే 'ఖ'. ఈ కిటుకు తెలిసిన దగ్గర్నుంచి మా అపార్టుమెంటులో నేను లిపి నిపుణుణ్ణి. మంగళవారాలు ఆడవాళ్ళందరూ చేరి హనుమాన్ చాలీసా పాడతారు. వాళ్ళకి పెద్ద అక్షరాల్లో తెలుగు ప్రతి వేయించి ఇచ్చాను. వాళ్ళు తెలుగు అలవాటు ప్రకారం మాటమాటకీ చివర అకారం పలుకుతూ హాయిగా పాడుతున్నారు. తాతయ్య దగ్గర తిన్న దెబ్బ గుర్తే. సంస్కృతాన్ని హిందీలా చదవకూడదు, అంటే హిందీని సంస్కృతంలా చదవకూడదు కూడా కదా! పాట ఆపించి, చివర అకారాలు పలక్కూడదమ్మా, అది హిందీ పద్ధతి కాదు అని చెప్పి, ప్రతుల్లో ఎక్కడెక్కడ పొల్లు పెట్టుకోవాలో పెన్సిలు పుచ్చుకుని చూపించాను. వాళ్ళు పాపం విన్నారు. ఆ వారం పాట నాలుగడుగులు వేసి కూలబడింది. తాళం ఒకచోట, మాట ఒకచోట.

మూడో అంతస్తులో పాట్నా నుంచి వచ్చిన పెద్దావిడ ఉంది. కోడలి ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చారు. ఆవిడ లేచి నా చేతిలో కాగితం తీసుకుంది. ఇది మామూలు హిందీ కాదు భాయీసాబ్, తులసీదాసు అవధీ అంది. చౌపాయిలో పాదానికి పదహారు మాత్రలు, రాసిన అకారం ప్రతిదీ ఒక మాత్ర, పాడేటప్పుడు పలికి తీరాలి అని వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించింది. నేను పొల్లు పెట్టినచోటల్లా ఒక్కో మాత్ర తక్కువొచ్చింది. మా ఆవిడతో సహా అందరూ రబ్బరు పుచ్చుకుని నా పెన్సిలు గుర్తులు చెరిపేశారు.

ఇప్పుడు మంగళవారాలు నాకు అప్పజెప్పిన పని అరటిపళ్ళు తేవడం. అవి కూడా మగ్గినవా కాదా అని మా ఆవిడ చూసి గాని లోపల పెట్టనివ్వదు.